నిన్నటిదా, ఇవాళ్టిదా మాస్టారూ?

2022 జులై. కాకినాడకు ఉత్తరాన, ఉప్పాడకు దగ్గర్లోని ఒక మత్స్యకార గ్రామం. తొమ్మిదో తరగతి గదిలో సోషల్ మాస్టారు బోర్డు మీద ఒక గీత గీశారు. గీతకు ఒకవైపు ‘భూమి’ అని రాశారు. రెండోవైపు ‘సముద్రం’ అని రాశారు.

‘‘ఈ రెండూ కలిసేచోటును తీరరేఖ అంటారు. రాసుకోండి’’ అన్నారు.

పిల్లలంతా తలలు వంచారు. మూడో బెంచీలోని అమ్మాయి మాత్రం లేచి నిలబడింది.

‘‘నిన్నటిదా, ఇవాళ్టిదా మాస్టారూ?’’

తరగతి గొల్లుమంది. మాస్టారికి కోపం రావాలి. రాలేదు. ఆ అమ్మాయి మొహంలో వెటకారం లేదు మరి. నిజంగానే అడుగుతోంది. వాళ్ల ఇల్లు ఒడ్డునే. పొద్దున్న లేచి అరుగు మీద నిలబడితే సముద్రం ఎంతవరకు వచ్చి వెళ్లిందో తెలుస్తుంది. నిన్న వచ్చినచోటికి ఇవాళ రాదు. ఇవాళ వచ్చినచోట రేపు ఆగదు. మరి బోర్డు మీది గీత ఏ రోజుది?

మాస్టారిది ఏలేశ్వరం వైపు మెట్ట ఊరు. చిన్నప్పుడు కాకినాడ వచ్చినప్పుడల్లా సముద్రం చూసి, కాళ్లు తడుపుకుని వెళ్లిపోయిన మనిషి. పాతికేళ్లుగా ‘ఆటుపోట్లు, క్రమక్షయం, నిక్షేపణ’ అని పాఠం చెబుతున్నారు. పిల్లలు అప్పజెబుతున్నారు, మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ మాటలకూ, బడి కిటికీలోంచి వినబడే హోరుకూ ఏమైనా సంబంధం ఉందా అని ఎవరూ అడగలేదు. ఆయనా అడుక్కోలేదు.

ఆ శనివారం సాయంత్రం ఆయన పిల్లల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్లారు.

* * *

అక్కడికి వెళ్లాక ఎవరు మాస్టారో, ఎవరు పిల్లలో తెలియలేదు.

పాఠ్యపుస్తకంలో ఆటుపోట్లకు అరపేజీ ఉంది. చంద్రుడు, సూర్యుడు, ఆకర్షణ... పిల్లలకు ఆ అరపేజీ రాదు. కానీ పోటు ఏ వేళకు వస్తుందో ప్రతి పిల్లాడికీ తెలుసు. పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమికి మందంగా ఉంటుంది. ఈరోజు వచ్చిన వేళకే రేపు పోటు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మాస్టారు చేసిందల్లా, వాళ్లకు తెలిసిన తిథులకు పుస్తకంలోని కారణాన్ని కలపడమే. ఆ రెండు తిథుల్లో సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరసలో ఉండి కలిసి లాగుతాయి. అష్టమికి ఒకటి ఇటు, ఒకటి అటు లాగుతాయి. అంతే. ఒక్కసారి చెబితే ఎవరూ మర్చిపోలేదు.

మొక్కల దగ్గరా అదే తంతు. పోటు నీరు అందని ఇసుక మీద ఊదారంగు పూలతో పాకే తీగ ఉంది. పిల్లలు దాన్ని బాలబంధి తీగ అన్నారు. పక్కనే ముళ్లముళ్లుగా గడ్డి. అది రావణాసురుడి మీసాలు. దాని ఎండిన గింజల బంతి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. పిల్లలకు దాని వెంట పరుగెత్తడం ఆట. ఈ రెండూ చేసే పని మాస్టారు చెప్పారు. గాలికి ఎగిరే ఇసుకను ఇవి అడ్డుకుంటాయి. ఇసుక వీటి మొదట్లో పోగవుతుంది. మొక్క ఇంకాస్త పైకి వస్తుంది, ఇంకొంత ఇసుకను పడుతుంది. అలా ఏళ్ల తరబడి పెరిగిందే ఇసుకదిబ్బ.

‘‘మీ అమ్మ పోస్టాఫీసులో డబ్బులు దాస్తుంది చూడండి, అలాంటిదే ఇది. మామూలు రోజుల్లో ముట్టుకోరు. తుపాను వచ్చినప్పుడు అలలు దిబ్బను కోసుకుని ఆ ఇసుకను లోపలికి లాక్కెళ్తాయి. అక్కడ నీటి అడుగున గట్టులా పేరుకుంటుంది. వెనకొచ్చే పెద్ద అలలు ఆ గట్టు మీదే విరిగిపోతాయి. ఒడ్డుకొచ్చేసరికి సగం జోరు తగ్గిపోతుంది. దిబ్బ పోయినట్టే ఉంటుంది కానీ, అది ఊరికి అడ్డం నిలబడటానికే వెళ్లింది’’ అన్నారు.

పిల్లలు సముద్రం వైపు కొత్తగా చూశారు.

* * *

ఆ నెలలోనే ఒక నారింజకాయ కొనుక్కొచ్చారు. తినడానికి కాదు. నారింజ నీళ్లలో తేలుతుంది, రంగు దూరానికి కనబడుతుంది. దాన్ని అలల్లోకి విసిరి, ఒడ్డు వెంబడి పరుగెత్తుతూ ఎటు పోతుందో చూడటం.

అది తిన్నగా ఒడ్డుకు రాలేదు. ఒకసారి ఒడ్డు వైపు, ఒకసారి వెనక్కి, వంకరటింకరగా కదులుతూ తుని దిక్కుకు సాగింది. అల ఏటవాలుగా వచ్చి ఇసుక మీదికి ఎక్కుతుంది. పుస్తకం దాన్ని స్వాష్ అంటుంది. దిగేటప్పుడు మాత్రం వాలు ఎటుంటే అటు నేరుగా దిగిపోతుంది. అది బ్యాక్‌వాష్. ఎక్కేటప్పుడు ఏటవాలు, దిగేటప్పుడు తిన్నగా... ఈ లెక్కన ప్రతి అలకూ ఇసుక రేణువు కాస్త పక్కకు జరుగుతుంది. రోజుకు కొన్ని వేల అలలు. అంటే మనం కూర్చుని బఠాణీలు తినే బీచి నిజానికి కదులుతున్న ఇసుక ఏరు. శాస్త్రవేత్తలు దీన్ని లాంగ్‌షోర్ డ్రిఫ్ట్ అంటారు. మన తూర్పు తీరంలో సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా ఇసుక ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

డిసెంబరులో మళ్లీ నారింజ విసిరారు. ఈసారి అది కాకినాడ వైపు వెళ్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

‘‘మరి ఈ ఏటికి అడ్డం గోడ కడితే?’’ అని ఒక కుర్రాడు అడిగాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. మాస్టారు చెన్నై సంగతి చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ హార్బరు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ గోడకు ఆగిపోయి పోగయింది. అందరూ చూసి మురిసిపోయే మెరీనా బీచి అంత వెడల్పు కావడానికి అదే కారణం. అటు ఉత్తరాన రాయపురం వైపు మాత్రం ఇసుక రావడం ఆగింది, తీరం కోతకు గురైంది. విశాఖలో 1970లలో ఔటర్ హార్బరు కట్టాక నగరం బీచికీ అదే బెంగ. అందుకే అక్కడ రేవులో తవ్విన ఇసుకను గొట్టాలతో తెచ్చి బీచి మీద పోస్తుంటారు. ఒకచోట జమ అయిందంటే మరోచోట ఖర్చు రాసుకోవాల్సిందే.

మూడో బెంచీ అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. నోటుపుస్తకంలో ఒక మాట రాసుకుంది: ‘మా జమ ఎక్కడ?’

* * *

ఆ ప్రశ్నకు ఇంట్లో ఒక జవాబు సిద్ధంగానే ఉంది. అది వాళ్ల తాత జవాబు.

డెబ్భై దాటిన మనిషి. ఒంట్లో ఓపిక తగ్గి వేటకు వెళ్లడం మానేసినా, తెల్లవారుజామున అల చప్పుడు విని ‘ఇవాళ పడవ తియ్యొచ్చు’ అనో, ‘వద్దు’ అనో ఆయన చెప్పాల్సిందే. కోత మాట ఎత్తితే నవ్వేవాడు.

‘‘సముద్రం తీసుకెళ్తాది, మళ్లీ తెచ్చి పెడతాది. నా చిన్నప్పట్నుంచీ చూత్తన్నాను మాస్టారండీ. తెచ్చిపెట్టని ఏడాది లేదు.’’

ఆయన మాటలో అబద్ధం లేదు. వానాకాలపు హోరులో, తుపాన్ల రోజుల్లో అలలు ఒడ్డును కోస్తాయి. సముద్రం నెమ్మదించిన నెలల్లో చిన్న చిన్న అలలు ఆ ఇసుకనే కొంచెం కొంచెంగా మోసుకొచ్చి పరుస్తాయి. ఇది పుస్తకాల్లోనూ ఉన్నదే. ఒడ్డున నల్లిసుక చారలు తేలితే కోత మొదలైందని కూడా ఆయనే చెప్పాడు. తేలికైన తెల్ల ఇసుకను అల లాక్కెళ్లిపోతే ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు మిగిలిపోతాయి. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున జనం బంగారు రవ్వల కోసం ఇసుకను జల్లెడ పట్టిన వార్త చాలామంది చదివే ఉంటారు. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్లవీ గుళ్లవీ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బరువైంది మిగలడం, తేలికైంది పోవడం... అక్కడా అదే సూత్రం.

అయితే ఒక చిక్కు ఉంది. ఇప్పుడు మొదటి వరసలో ఉన్న ఆ ఇల్లు, తాత పెళ్లినాటికి నాలుగో వరసలో ఉండేది. ముందున్న మూడు వరసలూ ఏమయ్యాయని అడిగితే ప్రతి వరసకూ ఆయన దగ్గర ఒక తుపాను ఉంది. ‘అది ఆ తుపానుకు పోయింది, ఇది ఈ తుపానుకు పోయింది’ అంటాడు. మూడూ కలిపి ఒక లెక్కగా ఆయన ఎన్నడూ చూడలేదు.

రోడ్డుకు అవతల, కిలోమీటరున్నర దూరంలో అమ్మాయి వాళ్లమ్మకు ఇంటిస్థలం ఉంది. అక్కడ రెండు గదులు వేసుకుందామని ఆవిడ మూడేళ్లుగా పోరుతోంది. ‘‘అల చప్పుడు వినబడని చోట నాకు నిద్రెలా పడతాది?’’ అనేవాడు తాత. మాట అక్కడే ఆగిపోయేది.

* * *

అమ్మాయి కొలవడం మొదలుపెట్టింది.

మొదట్లో అన్నీ తప్పులే. ఒకరోజు పొద్దున్న కొలిచింది, ఇంకోరోజు సాయంత్రం. ఒకసారి పౌర్ణమికి, మరోసారి అష్టమికి. అంకెలు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. మాస్టారు నోటుపుస్తకం చూసి, ‘‘నువ్వు ఒడ్డును కొలవలేదమ్మా, పోటును కొలిచావు’’ అన్నారు. అప్పటినుంచి పద్ధతి మారింది. ప్రతి పౌర్ణమి పోటుకు నాచు, పుల్లలు, గవ్వలు వచ్చి ఆగిన గీత ఉంటుంది. ఇంటి అరుగు అంచు నుంచి ఆ గీతదాకా టేపుతో కొలత. టేపు రెండో కొస తమ్ముడు పట్టుకునేవాడు.

2022 శ్రావణ పౌర్ణమికి 64 అడుగులు. ఆ చలికాలం మధ్యకు 49 అయింది. ఇంట్లో అందరూ కంగారుపడ్డారు, తాత నవ్వాడు. ఏప్రిల్‌కు 58. ‘‘చూశావా, తెచ్చిపెట్టింది’’ అన్నాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను దూరంగా పోయినా ఇక్కడా సముద్రం ఎగసింది. ఆ నెల పౌర్ణమికి 37. మరుసటి ఏప్రిల్‌కు 43.

మొదటి ఏడు 15 అడుగులు తీసుకుని 9 ఇచ్చింది. రెండో ఏడు 21 తీసుకుని 6 ఇచ్చింది. తెచ్చిపెట్టడం నిజమే. తీసుకెళ్లినంతా తేవడం లేదు.

‘‘రెండేళ్ల లెక్క పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఒక్క తుపాను చాలు, అంకెలు తారుమారు కావడానికి’’ అన్నారు మాస్టారు. శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో దశాబ్దాల తరబడి చూస్తారు. 1990 నుంచి 2018 వరకు దేశ తీరాన్ని అలా పరిశీలిస్తే దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందనీ, నాలుగో వంతుకు కాస్త ఎక్కువ తీరం మేట వేస్తోందనీ తేలింది. కోత ఎక్కువగా ఉన్నచోట్లలో ఉప్పాడ తీరం ఒకటి.

జమ ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. ఈ తీరానికి ఇసుక పంపించేది గోదావరి. నది మీద, ఉపనదుల మీద ఆనకట్టలూ జలాశయాలూ వచ్చాక ఒండ్రు, ఇసుక చాలావరకు వాటి వెనకే ఆగిపోతున్నాయి. సముద్రానికి చేరిన దాంట్లో కొంత ఉత్తరానికి నడిచి, కాకినాడకు ఎదురుగా పొడుగాటి ఇసుక నాలుకలా పేరుకుంది. అదే హోప్ ఐలాండ్. దాని చాటున కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంది, కోరంగి మడ అడవులు బురదను వేళ్లతో పట్టుకుని అలల జోరు తగ్గిస్తున్నాయి. ఆ చాటు దాటి ఉత్తరాన ఉన్న ఊళ్లకు నేరుగా అలలు తగులుతాయి. ఇసుక మాత్రం అందాల్సినంత అందదు. పైగా సముద్ర మట్టం ఏటేటా కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతోంది.

ఉప్పాడలో 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్దపెద్ద సంచుల గోడ వేశారు. వాటిని జియోట్యూబులు అంటారు. కొన్నేళ్లకే తుపాన్లకు అది దెబ్బతింది. రాళ్లూ పోశారు. రాయి వెనక ఉన్న రోడ్డును కొంతకాలం కాపాడుతుంది కానీ, ఇసుకను పుట్టించలేదు. గోడకు తగిలిన అల కిందనున్న ఇసుకను తవ్వుకుపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు రాళ్లెక్కలేదు. ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడుతుంది. వాటికి పోటు అందని పొడి ఇసుక కావాలి.

* * *

ఇదంతా తాతకు ఎలా చెప్పాలి? ఆయనకు చదువు రాదు. గ్రాఫు కాగితం చూపిస్తే, ‘‘బాగుందే, ముగ్గేశావా?’’ అన్నాడు.

అమ్మాయి వారం రోజులు ఆలోచించింది. 2024 మే నెలలో, పదో తరగతి ఫలితాలు కూడా వచ్చేశాక, వల అల్లే దారపు ఉండ తీసుకుంది. ఒక్కో పౌర్ణమి కొలతకు ఒక్కో దారం కత్తిరించింది. ఒక అడుగుకు ఒక వేలు వెడల్పు. 64 అడుగులకు 64 వేళ్లు. వల కన్ను కొలిచే లెక్కే అది. తాతకు బాగా తెలిసిన లెక్క. వానకు కుదరక వదిలేసిన ఒక్క నెల పోగా 22 దారాలు వచ్చాయి. వాటిని వరసగా వెదురుకర్రకు కట్టి వసారాలో వేలాడదీసింది.

తాత మంచం మీద నుంచి లేచి వచ్చాడు. మొదటి దారం చివర పట్టుకున్నాడు. పక్కదాని చివర. ఆ పక్కదాని చివర. వేళ్లు పైకి పోయాయి, కాస్త కిందికి దిగాయి, మళ్లీ పైకి పోయాయి. దిగాయి కానీ మొదటిచోటుకు దిగలేదు. చివరి దారం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ మొదటినుంచీ తడిమాడు.

‘‘ఇది మనిచాంగ్‌దా?’’ అన్నాడు అన్నిటికన్నా పొట్టి దారం పట్టుకుని.

‘‘మిచాంగ్ తాతా. అవును.’’

‘‘దాని తర్వాత ఇచ్చింది ఇంతేనా?’’

‘‘అంతే తాతా.’’

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకోబోయి మానేశాడు. కోడలు పొయ్యి దగ్గర నుంచి ఇటే చూస్తోంది. ‘‘పడవకి కాపలా ఎవరుంటారే?’’ అన్నాడు చివరికి. అది ఆవిడకు మూడేళ్లుగా వినాలని ఉన్న మాట. ‘వెళ్లం’ అనే మనిషి ‘వెళ్తే ఎలా’ అని అడిగాడు.

ఆ వానాకాలం ముగిసేలోగా రోడ్డు అవతలికి మారిపోయారు. రెండు గదులు, రేకుల కప్పు. మొదటి నెలంతా తాతకు నిద్రపట్టలేదు. తెల్లవారుజామున లేచి ఒడ్డుదాకా నడిచి వచ్చేవాడు. అల చప్పుడు విని, పడవల వాళ్లకు చెప్పాల్సింది చెప్పి, మళ్లీ నడుచుకుంటూ వెళ్లేవాడు. మోకాళ్లు నొప్పులని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. ముందుజాగ్రత్తగా ఒడ్డు ఊళ్ల వాళ్లను తరలించారు. మర్నాడు అలలు కాస్త తగ్గాక చూస్తే పాత ఇంటి అరుగు లేదు. ముందు గోడ లేదు. వెనక గది సగం, దాని గుమ్మం మిగిలాయి. అమ్మాయి ఏడ్చింది. పుట్టి పెరిగిన ఇల్లు మరి. ముందే లెక్క తెలిసినంత మాత్రాన ఏడుపు రాకుండా ఉంటుందా?

తాత ఏడవలేదు. మిగిలిన గుమ్మాన్ని చేత్తో తట్టి చూశాడు. తర్వాత ఇటు తిరిగి, ‘‘అరుగు పోయింది కదే, ఇక కొలత ఎక్కణ్నుంచి?’’ అన్నాడు.

మాస్టారికి ఫోన్ చేస్తే, కదలని గుర్తు ఇంకొకటి చూసుకోమన్నారు. వెనక వీధిలో రామాలయం మెట్టు ఉంది. పాత అరుగు నుంచి అక్కడిదాకా ఎంతో అమ్మాయి ముందే కొలిచి రాసుకుంది కాబట్టి లెక్క తెగిపోలేదు. ఆమె ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తమ్ముడు అదే బడిలో తొమ్మిదో తరగతికి వచ్చాడు. మాస్టారు బోర్డు మీద తీరరేఖ గీసినప్పుడు, గీత పక్కన ఆరోజు తేదీ కూడా వేస్తున్నారు.

కార్తీక పౌర్ణమి పోటు దిగాక ముగ్గురూ ఒడ్డుకు వెళ్లారు. టేపు ఒక కొస అమ్మాయి గుడిమెట్టు దగ్గర పట్టుకుంది. రెండో కొస తమ్ముడు అందుకోబోతే తాత లాక్కున్నాడు. నాచు ఆగిన గీత దగ్గర వంగి కూర్చుని, గట్టిగా కేకేశాడు.

‘‘ఎంతొచ్చిందో చూడవే!’’